పనిదినాల రాత్రి వంట: వారం వారం తిప్పి వండుకునే ఐదు భోజనాలు

ఉద్యోగమో దుకాణమో చూసుకొని సాయంత్రం ఏడు గంటలకు ఇల్లు చేరే దంపతులు, ట్యూషన్ నుంచి ఆకలితో వచ్చే పిల్లలు, ఎనిమిదింటికల్లా తిని మందులు వేసుకోవలసిన పెద్దలు ఉన్న ఇంట్లో రాత్రి వంటకు ముప్పావు గంటకు మించి దొరకదు. అందులోనూ కొంత భాగం ఈ పూట ఏం వండాలన్న ఆలోచనకే పోతుంది. ఆలోచన తెగకపోతే ఎవరో ఒకరు బండి తీసి చౌరస్తాకు వెళ్లి ఫ్రైడ్ రైస్ పార్సిల్ కట్టించుకొని వస్తారు. వారానికి రెండు మూడు సార్లు ఇలా జరిగే ఇండ్లు హన్మకొండలో, కాజీపేటలో, కరీంనగర్‌లో ఇప్పుడు తక్కువేమీ కావు. ఖర్చు సంగతి అటుంచితే, ఎదిగే పిల్లలు ఆకుకూర, పప్పు రుచి తెలియకుండా పెరగడం అన్నింటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయం.

దీనికి నేను గట్టిగా నమ్మే ఉపాయం ఒకటే. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏ రోజు ఏం వండాలో ఒక్కసారి నిర్ణయించుకొని, ప్రతి వారం అదే వరుసలో వండుకోవాలి. ఆకుకూర మారుతుంది, కాయ మారుతుంది, కాలాన్ని బట్టి పులుపు మారుతుంది కాబట్టి విసుగు పుట్టదు. చేతి పని మాత్రం మారదు. ఈ వరుసను కూరగాయలు నిలువ ఉండే కాలాన్ని బట్టి అమర్చాను. ఆదివారం అంగడిలో తెచ్చినవాటిలో ముందుగా వడలేది ఆకుకూర కాబట్టి అది సోమవారానికి, నాలుగు రోజులు నిలిచే వంకాయ గురువారానికి, డబ్బాల్లోని దినుసులతోనే పూర్తయ్యే సర్వపిండి కూరగాయలు నిండుకునే శుక్రవారానికి వచ్చాయి. మంగళవారం, గురువారం, శనివారం నీసు తినని ఇండ్లు చాలా ఉంటాయి గనుక గుడ్డును బుధవారం పెట్టాను. ఇంటి ఆచారాన్ని బట్టి దీన్ని అటూ ఇటూ మార్చుకోవచ్చు.

కింద ఇచ్చిన కొలతలన్నీ నలుగురికి సరిపోయేవి. గ్లాసు అంటే సుమారు 200 మిల్లీలీటర్లు పట్టే మామూలు స్టీలు గ్లాసు.

ఆదివారం చేసి పెట్టుకోవలసినవి

గంటన్నర తీరిక ఉంటే చాలు. మొదట ఆకుకూర ఏరాలి. పుంటికూర (గోంగూర), తోటకూర, పాలకూరల్లో పండుటాకులు, ముదురు కాడలు తీసివేసి, కడగకుండానే పొడి నూలు బట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. కడిగి పెట్టిన ఆకు తడికి రెండో రోజే కుళ్లడం మొదలవుతుంది. అచ్చు కాగితాల సిరా ఆహారానికి అంటడం మంచిది కాదు కాబట్టి పత్రికల్లో చుట్టే అలవాటు మానుకోవాలి. అల్లం, ఎల్లిగడ్డ (వెల్లుల్లి) సమానంగా తీసుకొని కాస్త ఉప్పు, నూనె వేసి నూరి గాజు సీసాలో ఫ్రిజ్‌లోనే ఉంచి, వారం లోపల వాడేయాలి. దాన్ని బయట ఉంచకూడదు.

ఇక ఈ వంటల్లో మూడింటికి ప్రాణం పోసేది నువ్వుల పల్లీల పొడి. ఒక గ్లాసు పల్లీలను మూకుట్లో మధ్యస్థమైన మంట మీద పొట్టు విడిచే దాకా వేయించి తీయాలి. అదే మూకుట్లో ఒక గ్లాసు నువ్వులను వేసి, అవి చిటపటలాడి లేత బంగారు రంగు తిరగగానే వెంటనే పళ్లెంలోకి వంచేయాలి. నువ్వులు వేడి మూకుట్లో ఇంకో నిమిషం ఉంటే చేదెక్కుతాయి. రెండూ పూర్తిగా చల్లారాక పల్లీల పొట్టు ఊది, మిక్సీని ఆపి ఆపి తిప్పుతూ బరకగా పొడి చేయాలి. ఆపకుండా తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది. ఎండాకాలంలో ఈ పొడి తొందరగా కమురు వాసన పడుతుంది గనుక దీన్ని కూడా ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

కారం, బియ్యం ఏడాదికి ఒకసారి తీసుకునే నిర్ణయాలు. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే కాలంలో ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి, గిర్నిలో పట్టించుకునే అలవాటు ఉన్నవారికి ఒక సూచన. తేజ రకం మిర్చి ఘాటు ఎక్కువ, చపాటా రకం రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. పిల్లలు తినే ఇంట్లో చపాటా వాటా ఎక్కువగా కలిపి పట్టించుకుంటే కూర ఎర్రగా కనిపిస్తుంది, నోరు మండదు. టమాట మిర్చి అని కూడా పిలిచే ఈ వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. బియ్యం విషయానికి వస్తే, తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, సన్నగా ఉండి తొందరగా ఉడుకుతుంది. రాత్రి భోజనానికి తేలికగా ఉంటుంది. కొత్త బియ్యమైతే గ్లాసుకు పావు గ్లాసు నీళ్లు తగ్గించి పోయాలి, లేకపోతే అన్నం ముద్దవుతుంది.

పులుపు ఎప్పుడూ చివరనే

పులుపు పడే వంటలకు వర్తించే నియమం ఒకటి ఉంది. చింతపండు, పుంటికూర, టమాట, మామిడికాయ వంటి పుల్లని పదార్థాలను పప్పుతోనో కూరగాయ ముక్కలతోనో మొదటే కలిపి ఉడికిస్తే, ఆ పులుపు గింజలోనూ ముక్కలోనూ ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని కరగనివ్వదు. అందువల్ల ఎన్ని విజిళ్లు వచ్చినా పప్పు పలుకుగానే మిగులుతుంది, వంకాయ, ఆలుగడ్డ ముక్కలు లోపల గట్టిగా ఉండిపోతాయి. పప్పు మంచిది కాదని దుకాణదారును నిందించే ముందు ఈ సంగతి గమనించాలి. మెత్తబడవలసినది మెత్తబడ్డాకే పులుపు చేర్చాలి. ఈ ఒక్క వరుస పాటిస్తే రాత్రిపూట గ్యాసూ సమయమూ రెండూ కలిసొస్తాయి.

సోమవారం: పుంటికూర పప్పు, అన్నం

పొద్దున ఇంటి నుంచి బయలుదేరే ముందు ఒక గ్లాసు కందిపప్పు కడిగి, నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాలి. బయట పెడితే వేడికి సాయంత్రానికల్లా నురుగు తేలి పులిసిన వాసన వస్తుంది. ఇల్లు చేరగానే రెండు గ్లాసుల బియ్యం కడిగి నానబెట్టాలి. నానిన పప్పును కుక్కర్ లోపలి గిన్నెలో రెండున్నర గ్లాసుల నీళ్లు, పావు చెంచా పసుపు, ఒక చెంచా నూనెతో పెట్టాలి. నూనె వేస్తే నురుగు పొంగి విజిల్ దగ్గరికి రాదు. పై గిన్నెలో బియ్యం, నాలుగు గ్లాసుల నీళ్లు పోసి, కుక్కర్ అడుగున రెండు గ్లాసుల నీళ్లు ఉంచి మూత బిగించాలి. నాలుగు విజిళ్లు వచ్చాక పొయ్యి ఆర్పి, ఆవిరి తనంతట తాను దిగే దాకా వదిలేయాలి. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆవిరి దిగే పది నిమిషాల్లోనూ లోపల ఉడుకు సాగుతూనే ఉంటుంది. గరిటెతో విజిల్ ఎత్తి ఆవిరి వదిలేసేవారు ఆ ఉడుకును పోగొట్టుకుంటున్నారు.

ఈలోగా రెండు పెద్ద కట్టల పుంటికూరను కడగాలి. వెడల్పు గిన్నెలో నీళ్లు నింపి, ఆకును ముంచి, కదిపి, చేత్తో పైకి ఎత్తి వేరే గిన్నెలో వేసుకోవాలి. ఆకుతో సహా నీళ్లను వంచితే అడుగున చేరిన మట్టి తిరిగి ఆకుకే అంటుకుంటుంది. అడుగున ఇసుక కనిపించని దాకా, సాధారణంగా మూడు సార్లు, ఇలా చేయాలి. మూకుట్లో రెండు చెంచాల నూనె వేడి చేసి ఏడెనిమిది పచ్చిమిర్చి, ఒక ఉల్లిగడ్డ ముక్కలు వేగాక ఆకు వేయాలి. గిన్నెకు నిండుగా కనిపించిన ఆకు మూడు నాలుగు నిమిషాల్లో రంగు మారి, గుప్పెడంత ముద్దగా దగ్గరపడుతుంది. అప్పుడే ఉప్పు వేయాలి. ముందే వేస్తే ఆకు కుదించుకుపోయాక ఉప్పు ఎక్కువవుతుంది.

కుక్కర్ తెరిచి పప్పును మెదిపి, ఆకులో కలిపి రెండు నిమిషాలు ఉడకనిచ్చి, పోపు పెట్టాలి. నూనెలో ఆవాలు పూర్తిగా చిట్లాక జీలకర్ర, రెండు ఎండుమిర్చి, ఆ తరువాత చితకకొట్టిన ఎనిమిది ఎల్లిగడ్డ రెబ్బలు వేసి, రెబ్బల అంచులు ఎర్రబడ్డాక చివరగా కరివేపాకు వేయాలి. పుంటికూర పప్పులో ఎల్లిగడ్డ ధారాళంగా ఉండాలి. దాన్ని తగ్గిస్తే పులుపు ఒక్కటే నాలుకకు తగులుతుంది. పప్పు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు నీళ్లు, టమాట కలిపి మరిగిస్తే పప్పుచారు అవుతుంది.

మంగళవారం: పెసరపప్పు కిచిడి, పచ్చిపులుసు

ఐదింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఒక పొయ్యి మీద కుక్కర్ తన పని తాను చేసుకుంటుంటే, మిర్చి కాల్చడం, పోపు మినహా నిప్పుతో పనిలేని పచ్చిపులుసు పక్కన తయారవుతుంది. ముప్పై ఐదు నిమిషాల్లో వడ్డన పూర్తవుతుంది.

ఇంట్లోకి రాగానే నిమ్మకాయంత చింతపండును ఒక గ్లాసు వేడినీళ్లలో నానబెట్టాలి. రెండు గ్లాసుల బియ్యం కడిగి పక్కన పెట్టుకోవాలి. ముప్పావు గ్లాసు పెసరపప్పును కుక్కర్‌లోనే కమ్మని వాసన వచ్చే దాకా పొడిగా వేయించి తీసి కడిగి పెట్టాలి. వేయించిన పప్పు జిగురుగా మారకుండా గింజగా ఉడుకుతుంది. అదే కుక్కర్‌లో మూడు చెంచాల నూనె, ఒక చెంచా నెయ్యి వేడి చేసి నాలుగు లవంగాలు, రెండు ఇలాచీలు, చిన్న దాల్చిన చెక్క, అర చెంచా షాజీర, పొడవుగా తరిగిన రెండు ఉల్లిగడ్డలు, నాలుగు పచ్చిమిర్చి వేయించాలి. ఉల్లిగడ్డ ఎర్రబడ్డాక ఒక చెంచా అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పసుపు, గుప్పెడు పుదీనా వేసి, పచ్చివాసన పోయాక పప్పు, బియ్యం కలిపి, ఐదున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు చేర్చి మూడు విజిళ్లు రానివ్వాలి. ముసలివాళ్లకు, చిన్నపిల్లలకు మరింత మెత్తగా కావాలంటే ఒక గ్లాసు నీళ్లు అదనంగా పోయాలి.

పచ్చిపులుసును శ్రద్ధగా చేస్తేనే దానికి ఆ పేరు నిలుస్తుంది. ఐదు పచ్చిమిర్చిని పుల్కా జాలీ మీద పెట్టి మంటకు తగిలిస్తే తోలు నల్లబడి బొబ్బలెక్కుతుంది. పేలకుండా ఉండేందుకు ముందుగా ఒక్కో మిర్చికి చిన్న గాటు పెట్టాలి. ఒక ఉల్లిగడ్డను సన్నగా, పొడవుగా తరిగి వెడల్పు గిన్నెలో వేసి, చెంచాడు ఉప్పు, కాలిన మిర్చి, కొత్తిమీర చేర్చి చేత్తో బాగా పిసకాలి. చేయి మండుతుందనుకునేవారు మిర్చిని ముందుగా రోట్లో దంచి కలిపి, గరిటె వెనుకతో నొక్కవచ్చు. ఉప్పు తగిలి ఉల్లిగడ్డ నీరు వదిలి మెత్తబడుతుంది, దాని ఘాటు పులుసులోకి దిగుతుంది. ఈ పిసుకుడు మానేసి ముక్కలను నేరుగా నీళ్లలో వేస్తే అవి విడివిడిగా తేలుతూ పచ్చివాసన కొడతాయి. చింతపండు రసం పిండి వడకట్టి, మూడు గ్లాసుల చల్లని నీళ్లు కలిపి ఇందులో పోయాలి. రెండు చెంచాల నువ్వుల పల్లీల పొడి, ఇష్టమైతే కొద్దిగా బెల్లం కలపాలి. బెల్లం తీపి నాలుకకు తెలియకూడదు, పులుపు పదును తగ్గితే చాలు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుల పోపు వేడివేడిగా పోసి వెంటనే మూత పెట్టాలి. పది నిమిషాలు ఊరితే రుచి కుదురుకుంటుంది. ఇంతలో కుక్కర్ ఆవిరి కూడా దిగుతుంది. కిచిడి మీద పులుసు పోసుకొని, పక్కన అప్పడం నంజుకుంటే మరో కూర అవసరం రాదు.

బుధవారం: గుడ్లు కొట్టి పోసిన టమాట కూర

ఇది అతి తక్కువ పని పట్టే రోజు. అన్నం ఒక పొయ్యి మీద పెట్టి, మరో పొయ్యి మీద వెడల్పు మూకుట్లో మూడు చెంచాల నూనెలో రెండు ఉల్లిగడ్డలు, కరివేపాకు, అల్లం ఎల్లిగడ్డ వేయించాలి. ఐదు పండిన టమాటల ముక్కలు, ఉప్పు, పసుపు, ఒకటిన్నర చెంచా కారం వేసి, టమాట పూర్తిగా కరిగి అంచున నూనె తేలే దాకా మగ్గించాలి. చెంచాడు నువ్వుల పల్లీల పొడి, అర గ్లాసు నీళ్లు పోసి, మంట తగ్గించాక ఆరు గుడ్లను ఒక్కొక్కటిగా, ఒకదానికొకటి దూరంగా కొట్టి పోయాలి. మూత పెట్టి ఆరు నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ లోపల గరిటె పెడితే గుడ్డు చెదిరిపోతుంది. పచ్చసొన గట్టిపడ్డాక ఒకసారి జాగ్రత్తగా తిప్పి, కొత్తిమీర చల్లి దించాలి. గుడ్లు ఉడకబెట్టి, పొట్టు తీసే పావుగంట ఇందులో మిగులుతుంది.

గురువారం: జొన్నరొట్టె, వంకాయ టమాట

జొన్నరొట్టె అలవాటు ఉన్న ఇంట్లో ఇది సులభమే. జొన్నపిండిలో గోధుమపిండిని సాగేలా కలిపి ఉంచే గ్లూటెన్ ఉండదు కాబట్టి చల్లని నీళ్లతో కలిపితే రొట్టె అంచులు పగులుతాయి. మరిగే నీళ్లు పోసి గరిటెతో కలిపి, ఐదు నిమిషాలు మూత పెట్టి, చేయి పట్టే వేడికి వచ్చాక అరచేతి మడమతో గట్టిగా మర్దించాలి. వేడికి పిండిలోని గంజి పదార్థం ఉబ్బి జిగురు పట్టడమే రొట్టెను కలిపి ఉంచుతుంది. పీట మీద పొడి పిండి చల్లి తట్టి, పెనం మీద వేసిన వెంటనే పైన తడి బట్టతో అద్ది, ఆ తడి ఆరాకే తిప్పాలి. ఈ చేయి తిరగడానికి సమయం పడుతుంది గనుక నేర్చుకునే పనిని సెలవు రోజుకు ఉంచుకొని, పనిదినాన రోడ్డు పక్కన కాల్చి అమ్మే ఆడవారి దగ్గర వేడి రొట్టెలు తెచ్చుకొని ఇంట్లో కూర మాత్రం వండుకోవడంలో తప్పేమీ లేదు. వారు కాల్చే రొట్టె పలుచన మనకు అంత తొందరగా పట్టుబడేది కాదు.

కూరకు అరకిలో లేత వంకాయలను ఉప్పునీళ్లలోకే కోయాలి, గాలి తగిలితే ముక్క నల్లబడుతుంది. మూడు చెంచాల నూనెలో జీలకర్ర, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేగాక ముక్కలు, ఉప్పు, పసుపు వేసి, సన్నని సెగ మీద మూత పెట్టి పది నిమిషాలు మగ్గనివ్వాలి. ముక్క గరిటెకు తెగాకే మూడు టమాటలు, కారం వేయాలి. చివరగా రెండు చెంచాల నువ్వుల పల్లీల పొడి కలిపితే రొట్టెకు పట్టేంత చిక్కబడుతుంది.

శుక్రవారం: సర్వపిండి

పావు గ్లాసు శనగపప్పును పొద్దున్నే నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. సాయంత్రం రెండు గ్లాసుల బియ్యప్పిండిలో నానిన పప్పు, కచ్చాపచ్చాగా దంచిన పావు గ్లాసు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఒక చెంచా జీలకర్ర, ఒకటిన్నర చెంచా కారం, ఉప్పు, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బల ముద్ద, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర కలపాలి. నీళ్లు పోయకముందే అన్నిటినీ చేత్తో పిసికితే ఉల్లిగడ్డ వదిలే తడి ఎంతో తెలుస్తుంది. ఆ తరువాతే కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ, జారుగా కాకుండా, తడితే పగలని ముద్దగా కలపాలి. ఆనిగెపుకాయ (సొరకాయ) మిగిలి ఉంటే తురిమి ఇందులో వేయవచ్చు. అప్పుడు దాదాపు నీళ్లే అక్కరలేదు.

అడుగు మందంగా, గుండ్రంగా ఉన్న లోతు గిన్నెకు లోపల ధారాళంగా నూనె రాసి, నాలుగో వంతు ముద్దను అడుగు నుంచి అంచుల దాకా వేళ్లతో పలుచగా తట్టాలి. మధ్యలో ఒకటి, చుట్టూ ఐదారు రంధ్రాలు వేలితో చేసి, ఒక్కో రంధ్రంలో నాలుగు చుక్కల నూనె వేయాలి. ఈ రంధ్రాలే లోపలి దాకా నూనెను, వేడిని చేరుస్తాయి. మూత పెట్టి సన్నని సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచితే అంచులు గిన్నెను వదులుతాయి, అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైభాగం ఆవిరికి మెత్తగా ఉడుకుతుంది. దీన్ని తిప్పి కాల్చే అవసరం లేదు. రెండో దాన్ని వేడి గిన్నెలో తట్టడానికి ప్రయత్నిస్తే వేళ్లు కాలతాయి, పిండీ అతకదు. గిన్నెను బోర్లించి వెనుకవైపు నీళ్లు పోసి చల్లార్చాలి. అయితే ఉత్తమమైన మార్గం రెండు గిన్నెలు ఉంచుకోవడమే. ఒకటి కాలుతుండగా రెండోది తట్టుకుంటే నాలుగు సర్వపిండ్లు ముప్పావు గంటలో పూర్తవుతాయి. పెరుగుతోనో మామిడికాయ తొక్కుతోనో తినవచ్చు.

మిగిలిన అన్నం, మారే కాలం

ఉడికిన అన్నాన్ని రాత్రంతా వంటింటి గట్టు మీద వదిలేయడం మంచిది కాదు. వంట వేడికి చావని సూక్ష్మజీవుల బీజాలు అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపు పెరుగుతాయి, అవి విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. రామగుండం వైపు మే నెల ఎండ 44, 45 డిగ్రీలు తాకే రోజుల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. తిన్న వెంటనే మిగిలిన అన్నాన్ని పళ్లెంలో పలుచగా పరిచి ఆరబెట్టి, రెండు గంటలు దాటకముందే మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లోకి చేర్చాలి. మరునాడు పొద్దున దాన్ని పోపన్నంగానో, మజ్జిగ పోసి ఉల్లిగడ్డ నంజుకొనో తినవచ్చు.

కాలం మారినప్పుడు వరుసను కదిలించకుండా దినుసును మాత్రమే మార్చుకోవాలి. ఎండాకాలంలో సోమవారం పప్పుకు పుంటికూర బదులు మామిడికాయ ముక్కలను విడిగా ఉడికించి కలపాలి. పచ్చిపులుసుకూ చింతపండు బదులు కాల్చిన మామిడికాయ గుజ్జు బాగుంటుంది. గురువారం రొట్టె బరువనిపిస్తే మక్క గటక (మొక్కజొన్న రవ్వతో చేసే సంకటి) వండి మజ్జిగతో తీసుకోవచ్చు. వానలు పడ్డాక దొరికే గంగవాయిలి కూర పప్పులో చక్కగా కలిసిపోతుంది, దానిలోనే కొంత పులుపు ఉంటుంది గనుక వేరే పులుపు సగం వేస్తే చాలు. చలికాలంలో వంకాయకు చిక్కుడుకాయ తోడు చేర్చాలి. చిక్కుడు ముక్క మెత్తబడడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి దాన్ని ఐదు నిమిషాలు ముందుగా మూకుట్లో వేసి, ఆ తరువాతే వంకాయ వేయాలి.